క్రోమియం చెప్పిన కబురు

వైరాలజీలో పీహెచ్‌డీ చేసేవాళ్ల ఓపికకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. కణాలకు ఆదివారం తెలియదు. అవి పెరిగే ద్రవం మార్చే వేళకు మనిషి ల్యాబ్‌లో ఉండాల్సిందే.

1973లో స్విట్జర్లాండ్ నుంచి కాన్‌బెర్రా వచ్చిన వైద్యుడు రోల్ఫ్ జింకర్‌నాగెల్ పీహెచ్‌డీ పనే చూడండి. పశువైద్యుడు పీటర్ డోహర్టీతో కలిసి, వైరస్ సోకిన ఎలుక కణాల్లోకి రేడియోధార్మిక క్రోమియం ఎక్కించేవారు. వాటి మీదికి, అదే వైరస్‌ను ఎదుర్కొన్న ఎలుకల టీ కణాలను, అంటే సోకిన కణాలను చంపే రోగనిరోధక కణాలను, వదిలేవారు. సోకిన కణం చస్తే క్రోమియం ద్రవంలోకి కారుతుంది. ఎంత కారిందో యంత్రం లెక్కిస్తుంది.

ఆ లెక్కలో ఒక వింత తేలింది. వైరస్ అదే అయినా, వేరే వంశపు ఎలుక కణాలను టీ కణాలు ముట్టలేదు! వైరస్‌తోపాటు సొంత కణం గుర్తును కూడా అవి చూస్తాయన్నమాట. ఆ అంకెలను కొట్టిపారేయకుండా, వంశం తర్వాత వంశంతో పరీక్షించి చూశారే, నా దృష్టిలో అసలు పనితనం అదీ! 1996లో ఇద్దరికీ నోబెల్ తెచ్చింది ఈ పనే.