పికప్ దోషం పట్టుకోవడం ఓ విద్య

"బండి లాగట్లేదన్నా" అనే మాట విజయవాడ ఆటోనగర్‌లో రోజూ పదిచోట్ల వినిపిస్తుంది. తొక్కితే ఇంజన్ అరుస్తుంది, బండి మాత్రం అందుకోదు. ఫ్లైఓవర్ ఎక్కాలంటే సెకండ్ గేరుకి దిగాలి. ఈ ఒక్క ఫిర్యాదు వెనక గాలి, పెట్రోలు, కరెంటు, సైలెన్సర్, క్లచ్, బ్రేకు, ఏదైనా ఉండొచ్చు. అక్కర్లేని నట్టు ఒక్కటీ విప్పకుండా అసలు దోషం మీద వేలు పెట్టే మేస్త్రీని మించిన పనిమంతుణ్ణి నేను చూడలేదు.

అలాంటి మేస్త్రీ ముందుగా బానెట్ ఎత్తడు. తాళం అడిగి బండి తానే తోలి చూస్తాడు. ఆర్‌పీఎం ముల్లు పైకి పోతూ స్పీడు పెరగకపోతే ఇంజన్‌ని అనుమానించడు, క్లచ్ జారుతోందంటాడు. హ్యాండ్‌బ్రేకు లాగి, థర్డ్ గేరులో క్లచ్ వదులుతాడు. ఇంజన్ ఠక్కున ఆగిపోతే క్లచ్ బాగున్నట్టు. తిరిగొచ్చాక ప్రతి చక్రం దగ్గరా చెయ్యి పెట్టి వేడి చూస్తాడు. ఒకటి మిగతావాటికంటే ఎక్కువ కాలుతుంటే అక్కడ బ్రేకు పట్టేసినట్టు. ఈ రెండూ చూడకుండానే ఇంజన్ విప్పేసేవాళ్ళు ఎంతమందో!

ఆటోనగర్ 1960ల్లో మొదలైంది. ఆసియాలోనే ఇంత పెద్ద బండ్ల మరమ్మతుపేట లేదని ఇక్కడివాళ్ళు గర్వంగా చెబుతారు. ఇక్కడి చెవులకి చదువు చెప్పినవి అంబాసిడర్, 1983 చివర్లో వచ్చిన మారుతి 800. కార్బొరేటర్ బండి తొక్కగానే ఒక్క క్షణం తడబడి ఆనక అందుకుంటే ఆక్సిలరేటర్ పంపు డయాఫ్రమ్ చూడాలి. మామూలుగా నడిచి స్పీడులో నీరసపడితే మెయిన్ జెట్‌లో చెత్త ఉందేమో చూడాలి. ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకేవారు. ఏ వైరు పీకితే శబ్దంలో తేడా రాదో ఆ సిలిండర్ పనిచేయనట్టే. ప్లగ్గు మొన లేత కాఫీరంగులో ఉంటే మంట సరిగా ఉంది. మసిపట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా పాలిపోతే తక్కువ.

796 సీసీ, మూడు సిలిండర్ల ఆ మారుతి ఇంజన్ సత్తా ఏమిటో దేశానికి చూపించినవాడు కోయంబత్తూరు కరివర్ధన్. దాన్నే పెట్టి ఫార్ములా మారుతి రేసుకార్లు కట్టాడు. తర్వాత ఫార్ములా వన్ దాకా వెళ్ళిన నరేన్ కార్తికేయన్ రేసులు మొదలుపెట్టింది వాటిలోనే. ఇంజన్ తెలిసిన చేతి మహిమ అది!

మా మిత్రుడి పెట్రోలు కారు అరవై దాటితే ఊపిరాడనట్టు అయ్యేది. ఓ పెద్ద వర్క్‌షాప్‌లో సెన్సర్ మార్చారు, తర్వాత పెట్రోలు పంపు మార్చారు. బిల్లు పెరిగింది గానీ పికప్ రాలేదు. ఆటోనగర్‌లో ఓ పెద్ద మేస్త్రీ ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి వాక్యూమ్ గేజ్ తగిలించాడు. ఐడిలింగ్‌లో ముల్లు పద్దెనిమిది అంగుళాల దగ్గర కదలకుండా నిలిచింది. "ఇంజన్ నిక్షేపంగా ఉంది బాబూ" అన్నాడు. కుర్రాణ్ణి రెండున్నర వేల ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచమన్నాడు. ముల్లు కాసేపు ఆగి, గీతగీతకీ కిందికి జారడం మొదలుపెట్టింది. ఇంక మాట్లాడలేదు. పొగని శుభ్రంచేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌కి ముందున్న ఆక్సిజన్ సెన్సర్ విప్పి, ఆ బెజ్జంలోంచి పొగ పోనిస్తూ బండి తోలాడు. లాగింది! కన్వర్టర్ లోపల మూసుకుపోయింది. "గాలి లోపలికి పోతే చాలదండీ, పొగ బయటికి పోవాలి గదా" అన్నాడు. అంతటితో వదల్లేదు, ఎప్పుడైనా మిస్సింగ్‌తోనే చాలాకాలం నడిపారా అని అడిగాడు. నడిపారు. కాలని పెట్రోలు వెళ్ళి కన్వర్టర్‌ని పాడుచేసిన సంగతి అప్పుడు తేలింది.

బండిలోని కంప్యూటర్‌ని చదివే స్కానర్ని నేను తక్కువ చేయను. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లని అది లేకుండా ముట్టుకోలేం. కానీ పీ0171 అని కోడ్ వస్తే మిశ్రమంలో పెట్రోలు తక్కువైందనే అర్థం, ఎందుకు తక్కువైందో వెతకాల్సింది మనిషే. తెలియనివాడు వెంటనే ఆక్సిజన్ సెన్సర్ కొనమంటాడు. తెలిసినవాడు కంప్యూటర్ పెట్రోలుని ఎంత సరిచేస్తోందో చెప్పే ఫ్యూయల్ ట్రిమ్ అంకెలు చూస్తాడు. గాలిని కొలిచే మాఫ్ సెన్సర్ ఉన్న బండిలో ఆ అంకెలు ఐడిలింగ్‌లో పెరిగి, రేజ్ చేస్తే తగ్గితే ఎక్కడో గొట్టం చిట్లి దొంగగాలి పోతున్నట్టు. లోడు మీద పెరిగితే పంపునో ఫిల్టర్‌నో అనుమానించాలి. కామన్‌రైల్ డీజిల్ బండ్లలోనైతే ఇంజెక్టర్ల రిటర్న్ పైపులకి సీసాలు కడతారు. ఏ సీసా అన్నిటికంటే ముందు నిండితే ఆ ఇంజెక్టర్ లీకవుతున్నట్టు. నాలుగు ఖాళీ సీసాలతో అయ్యే పరీక్ష ఇది. ఇది చేయకుండా నాలుగు ఇంజెక్టర్లూ మార్చమనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మార్కెట్‌లో నకిలీ ఫిల్టర్లు, నకిలీ ప్లగ్గులు అసలు డబ్బాల్లోనే వస్తున్నాయి. దోషం ఏమిటో చూడకుండా ప్రతి బండికీ డీకార్బన్ ప్యాకేజీ అంటగడుతున్నారు. టార్గెట్లు పెట్టి పార్టులు అమ్మించే చోట చెవికి పనేముంది? ఆటోనగర్ షెడ్డులో పెరిగిన కుర్రాళ్ళు కూడా లాప్‌టాప్‌లో కోడ్ చెరిపేసి బండి పంపేస్తున్నారు. వారం తిరక్కుండా అదే బండి మళ్ళీ వస్తోంది. వాక్యూమ్ గేజ్ పట్టుకోవడం తెలిసిన పెద్దలు బతికుండగానే ఐటీఐలు వాళ్ళని పిలిచి పాఠాలు చెప్పించాలి.

బండి లాగనప్పుడు ఏం కొలిచారో, ఎంత వచ్చిందో అడగండి. అది చెప్పాకే పార్టు కొననివ్వండి. మార్చిన పాత పార్టు చేతికిమ్మనండి. దోషం వెతికిపెట్టినందుకు మేస్త్రీ అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి.