నాందేడు తెలుగిండ్లలోని పాత కార్డులు: సాక్ష్యవిచారము

బ్రిటిషిండియాలో పోస్టుకార్డు 1879 జూలై 1న కాలణా వెలతో వెలువడెను. నిజాము రాజ్యమునకు వేఱు తపాలా యుండెను. నాందేడు ఆ రాజ్యములోనిది. 1950 ఏప్రిలు 1న ఆ తపాలా భారత తపాలాలో కలిసెను. 1956 నవంబరు 1న నాందేడు జిల్లాయే చీలి, ముధోలు, భైంసాలు ఆంధ్రప్రదేశమునకును, ధర్మాబాదు, బిలోలి, దెగ్లూరులు బొంబాయి రాష్ట్రమునకును పోయినవి. వియ్యాలవారి నడుమ జిల్లాలోనే తిరిగిన కార్డు నాటినుండి రాష్ట్రపు టెల్ల దాటవలసివచ్చెను.

ఇట్టి కార్డుపై చిరునామా మరాఠీలో నున్నంతమాత్రమున ఇంటిభాష మారెననరాదు. అది తపాలాబంట్రోతు కొఱకు వ్రాసినది. సంబోధనయు, క్షేమవార్తయు ఏ భాషలో నున్నవో అదియే సాక్ష్యము. అందును జాగ్రత్త వలయును. కార్డు మూతలేని లేఖ. చదువురానివారికి పరులే చదివి వినిపింతురు. కావున 'ఉభయకుశలోపరి' యనునది మర్యాదను దెలుపును గాని మనసును దెలుపదు.

మఱియొక లోపము గలదు. చావుకబురు తెచ్చిన కార్డును చదివినవెంటనే చింపివేయుట మనవారి యాచారము. పసుపు పూసిన శుభలేఖ మాత్రము పెట్టెలో నిలిచెను. అందుచే మిగిలిన కట్ట శుభకార్యముల చరిత్రయే గాని కుటుంబచరిత్ర కాదు. చింపినదానిని చెప్పగలవారు ఇంటి పెద్దలు. వారుండగనే, తెలుగు చదువనేర్చిన పిల్లలచే ఆ కట్టలను వారియెదుట చదివింపవలెను. లిపి తెలియని తరమునకవి చిత్తుకాగితములే.