తెలియని లిపిలో నడక

మూసి ఉన్న తలుపు. పక్కన ఒక మీట. మీట దగ్గర అర్థంకాని గుర్తులు. మీటను ఒక పక్కకు తిప్పితే తలుపు తెరుచుకుంటుంది, మరో పక్కకు తిప్పితే మూసుకుంటుంది. మారకుండా ఉన్న గుర్తు తలుపు అయి ఉండాలి. మారుతున్నవి తెరవడం, మూయడం. ఎవరూ నోరు విప్పకుండానే మూడు మాటలు చేతికందాయి.

‘చాంట్స్ ఆఫ్ సెనార్’ అనే వీడియో గేమ్ నేర్పే తీరు ఇది. ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో ఉన్న రన్‌డిస్క్ అనే చిన్న సంస్థ దీన్ని తయారుచేసింది. 2023 సెప్టెంబరులో విడుదలైంది. బైబిల్లోని బాబెల్ గోపురం కథే దీనికి పునాది. ఆకాశాన్నంటే కట్టడంలో అంతస్తుకొక జాతి, జాతికొక లిపి. మొత్తం ఐదు. పక్క అంతస్తువాళ్ల మాట వీళ్లకు తెలియదు. ఎర్రని ముసుగు వేసుకున్న బాటసారిగా మనం కింది నుంచి పైకి ఎక్కుతూ పోవాలి.

ఆటకు ప్రాణం బాటసారి చేతిలోని నోట్‌బుక్. కొత్త గుర్తు కనబడగానే అందులో చేరుతుంది. దాని కింద మనకు తోచిన అర్థం మనమే రాసుకోవచ్చు. రాసింది తప్పో ఒప్పో ఆట వెంటనే చెప్పదు. కొంతసేపటికి ఒక పేజీ తెరుచుకుంటుంది. అందులో బొమ్మలుంటాయి, వాటి పక్కన గుర్తులు పెట్టాలి. పేజీలో అన్నీ సరిపోతేనే అర్థాలు ఖాయమవుతాయి. అందాకా మన ఊహతోనే నడవాలి, ఆ ఊహతోనే జనం మాటలు వినాలి, శాసనాలు చదవాలి.

ఈ ఆటను నేను మా మేనకోడలితో కలిసి ఆడాను. ఒక గుర్తుకు నేను ‘దేవుడు’ అని రాస్తే, “అత్తా, ఆగు. అదే గుర్తు ఇందాక తోట దగ్గర బల్ల మీద కూడా ఉంది. అక్కడ దేవుడేం చేస్తాడు?” అంది. నిజమే. ఆ మాటను రెండు చోట్లా నిలబెట్టి చూస్తే ఒకచోట ఇమడలేదు. కొట్టేసి ప్రశ్నార్థకం పెట్టుకుని ముందుకు కదిలాం. బడిలో మాటకు అర్థం ముందు చెబుతారు, వాడుక తర్వాత వస్తుంది. ఇక్కడ వాడుకే ముందు. మాట ఎక్కడ నిలబడింది, ఎవరి ముందు ఎవరు పలికారు, పలికేటప్పుడు చెయ్యి ఎటు చూపించారు, ఇవి తప్ప మరో ఆధారం లేదు. పసిపిల్లలు మొదటి భాష పట్టుకునేది కూడా ఇలాగే. ఆ వయసు దాటిపోయినవాళ్లకు ఆ అనుభవం మళ్లీ దొరకడం నాకు చాలా పెద్ద సంగతిగా అనిపిస్తుంది.

పైగా ఒక అంతస్తు వ్యాకరణం పై అంతస్తులో చెల్లదు. కింది అంతస్తులోని భక్తులు బహువచనం కోసం గుర్తును రెండుసార్లు రాస్తారు. ఊరూరా, ఇంటింటా అనే మనకు అది సొంతిల్లులా ఉంటుంది. వాళ్ల పైనున్న యోధులు బహువచనానికి వేరే గుర్తు వాడతారు. ఆ పై కళాకారుల భాషలో కర్మ ముందుకొస్తుంది. ‘పుస్తకం నేను చదివాను’ అనడం తెలుగువాళ్లకు రోజువారీ మాటే కాబట్టి అక్కడ మేం తడబడలేదు. కాపలావాళ్ల కళ్లుగప్పి దాక్కుంటూ పోవాల్సిన ఘట్టాలు మాత్రం నాకు నచ్చలేదు. ఆలోచన ఊపందుకున్న చోట అవి అడ్డం పడతాయి.

తెలియని లిపిని ఇలా విప్పే పని చరిత్రలో నిజంగా జరిగింది. 1837లో కలకత్తా టంకశాల ఉద్యోగి జేమ్స్ ప్రిన్సెప్ ముందు సాంచీ స్తూపం ప్రాకారం మీది చిన్న చిన్న రాతల నకళ్లు ఉన్నాయి. అవి ఉన్న పాత బ్రాహ్మీ లిపిని అప్పటికి పూర్తిగా చదవగలిగినవాళ్లు లేరు. దాదాపు ప్రతి రాతా ఒకే రెండు అక్షరాలతో ముగుస్తోందని ఆయన గమనించాడు. వేర్వేరు స్తంభాల మీద, వేర్వేరు మనుషులు చెక్కించిన పొట్టి వాక్యాలు ఒకేలా ముగుస్తున్నాయంటే, అవి ఫలానావారి కానుక అని చెబుతూ ఉండాలి. అలా ‘దానం’ అన్న మాట తేలింది, దాంతో ద, న అక్షరాలు చిక్కాయి, మిగతా లిపికి దారి పడింది. రాయి ఎక్కడుందో చూసి, మాట ఏమై ఉంటుందో ఊహించాడు. మన అమరావతి స్తూపం రాళ్ల మీద కూడా అలాంటి దాతల రాతలున్నాయి. ఈ ఆట ఆడాక మ్యూజియంలో వాటి ముందు నిలబడితే, ఆ చివరి రెండు అక్షరాల కోసమే కళ్లు వెతికాయి.

మాటల పజిళ్లు మనకు కొత్తవి కావు. శ్రీశ్రీ పదబంధ ప్రహేళికలు కూర్చారు, ఆరుద్ర గళ్ల నుడికట్లు కట్టారు. అవంటే నాకు గౌరవం. అయితే గళ్లలో ఇరుక్కుంటే అక్కడే కూర్చోవాలి. ఇలాంటి ఆటల్లో ఇరుక్కుంటే లేచి మరో వీధిలోకి పోవచ్చు. అక్కడ కంటబడ్డ ఏదో గుర్తు వెనకటి చిక్కు విప్పుతుంది. నడకా మాటా కలిసిన ఈ పద్ధతికి ఆద్యుడు విల్ క్రౌథర్ అనే అమెరికన్ ప్రోగ్రామర్. ఆయన, భార్య పాట్రీషియా ఇద్దరూ గుహలు శోధించేవారు. కెంటకీలోని ఫ్లింట్ రిడ్జ్, మామత్ గుహలు ఒకదాంతో ఒకటి కలిసే ఉన్నాయని 1972లో తేల్చిన బృందంలో ఆమె ఉంది. విడాకుల తర్వాత, తన కూతుళ్ల కోసం ఆ గుహలనే మాటల్లో పెట్టి క్రౌథర్ 1976 నాటికి ‘అడ్వెంచర్’ అనే కంప్యూటర్ ఆట రాశాడు. మరుసటి ఏడు డాన్ వుడ్స్ దాన్ని పెంచాడు. బొమ్మ ఒక్కటీ లేదు. ఒకటి రెండు మాటలు టైప్ చేస్తే గుహలో అడుగు పడేది.

ఆ బాటలోనే 2021లో వచ్చిన ‘లింగో’ అనే ఆటలో గోడల నిండా మాటల పలకలే. పలక రంగును బట్టి, అది ఉన్న ఎత్తును బట్టి జవాబు సూత్రం మారుతుంది. తెలుపు ‘అదే’ అని, నలుపు ‘దానికి వ్యతిరేకం’ అని సూచిస్తుంది. మిగతా రంగుల సంగతి మనమే తిరిగి కనిపెట్టాలి. ఎమిలీ షార్ట్ 2012లో రాసిన ‘కౌంటర్‌ఫీట్ మంకీ’లో ఆటగాడి చేతికి అక్షరం తీసేసే పరికరం దొరుకుతుంది. వస్తువు పేరులోంచి ఒక అక్షరం తీస్తే ఆ వస్తువే మారిపోతుంది.

ఈ రెండూ ఇంగ్లీషు మాటల మీద నిలిచినవి. తెలుగుకు ఇంతకంటే మంచి సరుకుంది, గుణింతాలూ ఒత్తులూ సున్నాలూ. బడిలో సున్న చేరిస్తే బండి, ఎక్కి వెళ్లిపోవచ్చు. మేడకు దీర్ఘం తగ్గిస్తే మెడ. గదికి దీర్ఘమిస్తే గాది, అందులో ధాన్యం. దారికడ్డంగా ఉన్న దొర గడికి ఒక సున్న తగిలిస్తే గండి పడుతుంది. యూనికోడ్‌లో గుణింతపు గుర్తులూ సున్నా హల్లుకు విడిగానే నిల్వ అవుతాయి కనుక, ఒక గుర్తును తీసి మరొకటి పెట్టడం ప్రోగ్రాం రాసేవాళ్లకు కష్టమేమీ కాదు. ఆ ఊరిని గీసి, వీధులు వేసి, ఏ మాట ఏ మలుపులో నిలబడాలో తేల్చుకోవడమే అసలు పని. ఇలాంటి జంటల పట్టిక నా దగ్గర పెరుగుతోంది. ఆ ఆట కట్టడానికి ఏ కుర్రకారు పూనుకున్నా పట్టిక మొత్తం ఇచ్చేస్తాను.