చాంతాడు వదలుటయు, బండి నాపుటయు

వరుస ఎంత పొడుగున నిలిచినను, జాబితా ఎంతకును తెమలకున్నను ‘కొండవీటి చాంతాడు’ అనుట తెలుగునాట వాడుక. మా కొండవీటి బావుల లోతే ఆ సామెతను కన్నదందురు. అయితే సామెత తాటి పొడుగును చెప్పినదే కాని, దానిని పట్టిన చేతి నేర్పును చెప్పలేదు. కడవను దింపునప్పుడు తాడు జారవిడిచితిమా, అరచేయి కమిలి కడవ రాతికి తగిలి పగులును. బిగబట్టితిమా, కడవ దిగనే దిగదు. పట్టుచునే వదలుట, వదలుచునే పట్టుట ఆ విద్య. ఇప్పుడింటింట కుళాయిలు వచ్చి ఆ విద్య మరుగున పడినదనుకొనుచుండగా, న్యూయార్కు నగరములో నేల క్రింద పరుగిడు రైలుబండిని మా యింటి కంప్యూటరుపై నడపుచున్న మేనల్లుని చేతిలో అది నాకు మరల కనబడినది.

ఇట్లు తెరపై బండిని నడపనిచ్చు రైలు సిమ్యులేటరులలో అంగడిలో కొనవలసినవి కొన్ని, అభిమానులే వ్రాసి పదుగురికి పంచిపెట్టునవి కొన్ని. వాడు నడపుచున్న ఓపెన్ బీవీఈ అనునది ఈ రెండవ తెగకు చెందినది. గత శతాబ్దపు చివరి దశకమున జపానులో పుట్టిన బీవీఈ అను సిమ్యులేటరు బాటలోనే, 2008 ప్రాంతమున ఇది వెలువడినది. దాని మూలరచనపై కర్తలు తమ హక్కును నిలుపుకొనక లోకమునకు వదలివేసిరి. ఇక సొరంగపు బండి మాటకు వచ్చినచో, తెలుగువారికి మెట్రో హైదరాబాదులో 2017 నవంబరున వచ్చినది గాని, అది స్తంభములపై ఆకసమున పోవునదే. దేశమున భూగర్భపు బండి మొదట పరుగిడినది కలకత్తాలో, 1984 అక్టోబరు 24న. కనుక పల్నాటి పిల్లవానికి, రైలెక్కి దూరపు నగరములకు పోకున్న, సొరంగమార్గము తెరమీదనే.

ఈ సిమ్యులేటరులో మార్గమనగా బొమ్మ కాదు, అదొక వ్రాత. మార్గకర్త సామాన్యమైన పాఠ్యపత్రమొకటి తెరచి, బయలుదేరిన చోటినుండి ఇన్ని మీటర్లని పంక్తి మొదట వేసి, అచ్చట వంపు ఎంత వ్యాసార్ధమున తిరుగునో, వంపున వెలుపలి పట్టా ఎన్ని మిల్లీమీటర్లు లేచియుండునో, వేయింటికి ఎంత చొప్పున వాలు దిగునో, ఏ సిగ్నలు ఎచ్చట నిలుచునో, ఇరువదియైదేసి మీటర్ల గడులుగ వ్రాసికొనుచు పోవును. నాలుగు స్టేషనుల దూరము వ్రాయునప్పటికే ఆ పత్రము నిజముగ కొండవీటి చాంతాడగును. ఔత్సాహికులకు సొరంగము అనుకూలించుటకు కారణమొకటి కలదు: పొలములు, చెట్లు, ఊళ్లు చిత్రింపనక్కరలేదు, గోడలు, దీపములు, స్తంభములు చాలును. కాని కంటికి పని తగ్గినచోట చెవికి పని పెరుగును. వేగముతో హెచ్చు మోటారు రొద, పట్టాల అతుకులపై చక్రముల తాళము, వంపున ఇనుముతో ఇనుము ఒరయు కీచుధ్వని సరిగ కుదరనిచో, ఎరిగినవాడు ఆ మార్గమును మెచ్చడు.

ఇక నడపుట. వేగము పెంచుటకు ఎవరైనను చాలుదురు; ఆపుటలోనే విద్యయంతయు నున్నది. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి, సెకను సెకనుకు ఒక్కొక్క మీటరు వేగము తగ్గుచు నిలుచుటకు దాదాపు 139 మీటర్లు కావలెను. 30 కిలోమీటర్లయినచో 35 మీటర్లు చాలును. ఆపవలసిన గురుతుకు ఇటైనను అటైనను, మార్గకర్త వేరుగ విధింపకున్న, ఐదు మీటర్ల వరకే మన్నన. 60లో నున్న బండి అరసెకనులో ఎనిమిది మీటర్లు దాటును గనుక, బ్రేకు అరసెకను ఆలస్యమైన గురుతు తప్పినట్లే.

నేనును ఒకనాడు కూర్చుంటిని. ప్లాట్‌ఫారము కనబడగానే తొట్రుపడి కొంచెము కొంచెముగ బ్రేకు పెంచుచు పోయితిని. తుద నొక్కసారిగ బిగించితిని. బండి కుదుపుతో గురుతు దాటి నిలిచినది. “మామయ్యా, నువ్వు తిరగేసి వేశావు. ముందు గట్టిగా పట్టాలి, ఆగబోయేముందు వదలాలి” అని మేనల్లుడు నవ్వెను. మొదట బలముగ పట్టి, వేగము తగ్గినకొలది మెట్టుమెట్టుగ సడలించి, చివర నొక్క మెట్టు మాత్రమే మిగిల్చినచో నిలిచియున్న ప్రయాణికుడు తూలడు.

పూర్వపు ఇంజినీర్లు ఈ పనిలో భూమినే సాయము పిలిచిరి. 1900లో తెరచిన సెంట్రల్ లండన్ రైల్వేలో స్టేషనులను చిన్న మిట్టలపై కట్టిరి. వచ్చు బండిని ఎగువ ఆపును, పోవు బండిని దిగువ నెట్టును. న్యూయార్కులో మరియొక చిత్రము: నిర్ణీతకాలము గడచినగాని పచ్చబడని సిగ్నలులు. ఎర్రదీపమునకు ఎదురుగ నెమ్మదిగ పోవలెను. తొందరపడి దాటినచో పట్టాప్రక్కన లేచియుండు ఇనుపచేయి బండి క్రిందిమీటను తాకి బ్రేకులను పడవేయును. 1918 నవంబరు 1న బ్రూక్లినులోని మాల్బోన్ వీథి చెంత, గంటకు ఆరుమైళ్లకు మించరాని వంపున బండి అతివేగమున దూరగా, తొంబదిమందికి పైగా మరణించిరి. సమ్మెదినములలో అనుభవములేనివానిని నడపుమని కూర్చుండబెట్టిరి. అట్టి వంపుల నెరిగినవాడు ఆ ఎర్రదీపముపై విసుగుకొనడు.

తెరపై గురుతు తప్పినవాని చేతిలో ప్రాణములేవియు లేవు. కనుక ఇది లోకో పైలట్టు విద్యకు ప్రత్యామ్నాయము కాదు. అయినను నిగ్రహమును వ్రేళ్లకు నేర్పు ఆట ఇంకొకటి నేనెరుగను. పల్నాటి యువకులకు నాదొక విన్నపము: ఇతరులు వ్రాసిన మార్గములలో ఇంతకాలము బండి నడపితిరి; నల్లపాడు నుండి ఫిరంగిపురము మీదుగ నరసరావుపేటకు పోవు మన మార్గమును, ఇరువదియైదేసి మీటర్ల చొప్పున, మీరు వ్రాసి లోకమున కిండు.