ఏడో ఆజ్ఞ దగ్గర ఆగే మాస్టారు

క్యాటకిజం చెప్పడమంటే పిల్లల చేత వల్లె వేయించడమేగా అనేవాళ్లతో నాకెప్పుడూ పేచీయే. వల్లె వేయించడం ఉంది, కాదనను. లూథరన్ హైస్కూల్లో దైవశాస్త్రం చెప్పే విద్య మాత్రం అది అయిపోయాక మొదలవుతుంది. ఆ విద్య చేతనైన మాస్టారు గుంటూరు దగ్గర ఏ బడిలోనైనా ఎనిమిదో తరగతికి ఏడో ఆజ్ఞ చెబుతుంటే ఒక్కసారి వెనక బెంచీలో కూర్చుని వినండి. దొంగతనం కూడదనే ఆజ్ఞ అది. "ఈ క్లాసులో దొంగలెవరైనా ఉన్నార్రా?" అంటారాయన. అందరూ నవ్వుతారు. "సరే, మిర్చికి తడి కొట్టి టిక్కీ తూకానికి పెట్టినవాణ్ణి ఏమంటారు? తేమ ఉందని చెప్పి రైతు దగ్గర కిలోలు కోసుకున్నవాణ్ణి? పొద్దున ఒప్పుకున్న కూలి సాయంత్రానికి తగ్గించి చేతిలో పెట్టినవాణ్ణి?" ఇప్పుడు నవ్వేవాళ్లుండరు. ఆ గదిలో రైతుల పిల్లలున్నారు, కూలీల పిల్లలున్నారు, యార్డులో కమీషన్ కొట్టు నడిపేవాళ్ల పిల్లలూ ఉన్నారు. ఎవరి ఇంటి సంగతి వాళ్లకు గుర్తొచ్చేదాకా ఆయన రెండో వాక్యం చెప్పరు.

ఇదంతా ఆ మాస్టారి సొంత తెలివేనని మొదట్లో మురిసిపోయేవాణ్ణి. మూలం జర్మన్ మతసంస్కర్త లూథర్ దగ్గరే ఉంది. 1529లో వేసిన చిన్న క్యాటకిజం, అంటే చిన్న ప్రశ్నోత్తరి ముందుమాటలో ఆయన బోధకులకు పాఠం ఎలా చెప్పాలో కూడా చెప్పాడు. మీ జనం ఏ ఆజ్ఞను ఎక్కువ మీరుతున్నారో చూసుకుని దానిమీదే ఎక్కువసేపు నిలవమన్నాడు. చేతిపనులవాళ్లు, వ్యాపారులు, రైతులు, పనివాళ్లు ఉన్నచోట దొంగతనం ఆజ్ఞను గట్టిగా పట్టించమన్నాడు. పిల్లల దగ్గర తల్లిదండ్రుల ఆజ్ఞను పట్టించమన్నాడు. పెద్ద ప్రశ్నోత్తరిలోనైతే తప్పుడు తూకాల మీద, నాసిరకం సరుకు మీద సంతనంతా ఉతికి ఆరేశాడు. విట్టెన్‌బర్గ్ సంతలో చెప్పిన మాట ఐదు శతాబ్దాల తర్వాత మన మిర్చి యార్డులో సూటిగా తగులుతోందంటే, అది పాఠం రాసినవాడి గొప్పా, చెప్పేవాడి గొప్పా? నేను సగం సగం పంచుతాను.

చరిత్ర గబగబా చెప్పేస్తాను. 1528లో సాక్సనీ పల్లెల్లో సంఘాలను చూడటానికి వెళ్లిన లూథర్‌కు అక్కడి అజ్ఞానం చూసి గుండె మండింది. జనానికే కాదు, కొందరు బోధకులకూ ప్రభువు ప్రార్థన సరిగా రాదు. మరుసటి ఏడాది మొదట్లో గోడకు తగిలించుకునే కాగితాలుగా, తర్వాత పుస్తకంగా చిన్న ప్రశ్నోత్తరి వచ్చింది. ఇంటి యజమాని ఇంట్లోవాళ్లకు నేర్పుకోవాలన్నది ఉద్దేశం. మన భాషతో దీని బంధుత్వం చాలామంది అనుకునేదానికంటే పాతది. మద్రాసులో మిషనరీగా పనిచేసి వెళ్లిన బెంజమిన్ షుల్ట్జ్ 1746లో జర్మనీలోని హాలే పట్టణంలో దీన్ని తెలుగులో అచ్చు వేయించాడు. తెలుగు అక్షరాలు అచ్చెక్కిన తొలి పుస్తకాల్లో ఇదొకటి. తర్వాత 1842 జులై 31న అమెరికా నుంచి మిషనరీగా వచ్చిన ఫాదర్ హయ్యర్ గుంటూరు చేరాడు. కలెక్టరు స్టోక్స్ దొరే పట్టుబట్టి ఆయన్ని ఇక్కడ ఉంచాడని మా పెద్దలు చెబుతుంటారు. వచ్చీరాగానే బడి పెట్టాడు. అమెరికా తిరిగి వెళ్లిపోయాక, రాజమండ్రి మిషన్ వేరేవాళ్ల చేతికి పోతోందని తెలిసి డెబ్బై ఆరేళ్ల వయసులో మళ్లీ ఓడెక్కి వచ్చాడు. పింఛను కాగితాల కోసం మండలాఫీసు దాకా వెళ్లడానికే మనకు విసుగు!

ఇక విద్య సంగతి. ఇందులో నన్ను ఎప్పటికీ వదలనిది క్రమం. ముందు పది ఆజ్ఞలు, తర్వాత విశ్వాస ప్రమాణం, ఆ తర్వాత ప్రభువు ప్రార్థన. ఎందుకీ వరస? రోగికి మొదట తన జబ్బేమిటో తెలియాలి, తర్వాత మందు ఎక్కడుందో తెలియాలి, ఆ తర్వాత దాన్ని ఎలా అడిగి తెచ్చుకోవాలో తెలియాలి అన్నాడు లూథర్. ఈ వరస తప్పించి ముందే ప్రార్థన నేర్పితే పిల్లవాడికి అది కోరికల చిట్టా అవుతుంది. విశ్వాస ప్రమాణం దగ్గరా ఆయన చేయి చూడండి. అప్పటిదాకా దాన్ని అపొస్తలుల లెక్కన పన్నెండు ముక్కలు చేసి చెప్పేవారు. లూథర్ మూడు చేశాడు: సృష్టి, విమోచన, పరిశుద్ధపరచడం. పన్నెండు ముక్కలు గుర్తుపెట్టుకోలేక తలగోక్కునే పిల్లవాడికి తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అని మూడు తలుపులు తెరిచాడు. త్రిత్వం మీద గంటసేపు ఉపన్యాసం ఇచ్చే ఘనులు నాకు తెలుసు. ఈ మూడు ముక్కల పనితనం ముందు వాళ్లెవరూ నిలవరు.

మాటలు మార్చొద్దన్నది రెండో నియమం. ఒకే పాఠం ఎంచుకుని ఏడాదికేడాది అదే చెప్పాలి. ఈ ఏడాది ఒక అనువాదం, పై ఏడాది ఇంకోటి అంటే చిన్నపిల్లలు తికమకపడతారు. మాటలు నోటికి వచ్చాకే అర్థం. అందుకే ప్రతి ముక్క వెనకా అర్థమేమిటని అడిగే చిన్న ప్రశ్న ఉంటుంది. మంచి మాస్టారు ఆ ప్రశ్న అడిగి కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడతారు, పిల్లలు తడుముకోవడానికి సమయం ఇస్తారు. చేతగానివాడు ప్రశ్న, జవాబు రెండూ తనే చదివేసి హాజరు పుస్తకం తెరుస్తాడు.

జవాబుల నిర్మాణం చూస్తే నాకు ముచ్చటేస్తుంది. చాలా ఆజ్ఞలకు రెండు ముఖాలు: చేయకూడనిది, చేయవలసింది. చంపకపోతే చాలదు, పొరుగువాడి ఒంటికి కావలసిన సాయం చేయాలి. అబద్ధసాక్ష్యం చెప్పకపోతే చాలదు, ఎదుటివాడి మాటను, పనిని వీలైనంత మంచి అర్థంలో తీసుకోవాలి. ఈ ఎనిమిదో ఆజ్ఞను వాట్సాప్ ఫార్వార్డులకు పెట్టి చెప్పే ఒక టీచరమ్మ ఉన్నారు. "నువ్వు పంపావు, అది అబద్ధమని తెలిసింది, ఊరుకున్నావు. ఇప్పుడు ఎన్ని ఫోన్లలో నువ్వు అబద్ధసాక్షివి?" అంటారు. తొమ్మిదో తరగతి పిల్లల మొహాలు చూడాలి అప్పుడు.

అనుదినాహారం అడిగే మనవి దగ్గర లూథర్ పెద్ద జాబితా ఇస్తాడు. తిండి, బట్ట, ఇల్లు, పొలం, పశువులు, మంచి ప్రభుత్వం, మంచి వాతావరణం, ఆఖరికి మంచి ఇరుగుపొరుగు కూడా అందులో ఉన్నాయి. పిల్లల చేత సొంత జాబితా రాయించడం ఇక్కడ మన టీచర్ల అలవాటు. సాగర్ కాలువ నీళ్లు, అమ్మమ్మ పింఛను, బస్ పాసు, నాన్న దుబాయ్ నుంచి రావడం. దేవుణ్ణి అడగడానికి ఇవి చిన్నవి కావని పన్నెండేళ్లవాడికి ఒక్క పీరియడ్‌లో తెలుస్తుంది. దైవశాస్త్రం అంటే ఇదే కదా!

అన్నిటికంటే కష్టమైనది తప్పు చూపించే ధర్మశాస్త్రాన్నీ క్షమాపణ చెప్పే సువార్తనూ వేరు చేసి, ఏది ఎప్పుడు ఎవరికి చెప్పాలో తెలుసుకోవడం. ఇది చేతనైనవాడికి డాక్టరు పట్టం కట్టాలన్నాడు లూథర్. అమెరికాలో సెయింట్ లూయిస్‌లో లూథరన్ దైవశాస్త్ర ఆచార్యుడు వాల్తర్ ఈ ఒక్క విషయం మీదే 1884–85లో శుక్రవారం సాయంత్రాలు విద్యార్థులను కూర్చోబెట్టుకుని ఉపన్యాసాలిచ్చాడు. ఇరవై ఐదు సూత్రాలు చెప్పాడు, అన్నీ ఈ తేడా చుట్టూనే. కాపీ కొట్టి పాసై మీసం మెలేసే కుర్రాడికి ధర్మశాస్త్రం కావాలి. ఫెయిలై, దేవుడు కూడా నన్ను వదిలేశాడని ఏడ్చే కుర్రాడికి సువార్త కావాలి. తారుమారు చేస్తే మొదటివాడు పొగరుబోతవుతాడు, రెండోవాడు కుంగిపోతాడు. ఇది ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకదు. పిల్లవాడి మొహం చదవడం వచ్చిన మాస్టారి దగ్గరే దొరుకుతుంది.

ఒక బడిలో నాలుగో ఆజ్ఞ పాఠం జరుగుతుండగా ఒక అమ్మాయి లేచి, "మా నాన్న తాగొచ్చి అమ్మను కొడతాడు మాస్టారూ, ఆయన్నీ సన్మానించాలా?" అని అడిగిందట. ఆయన వెంటనే జవాబివ్వలేదు. చాక్‌పీస్ కింద పెట్టి, "ఐదో ఆజ్ఞ ఎవరికి వచ్చు?" అని క్లాసును అడిగారు. అందరూ అప్పజెప్పాక, "ఒంటికి హాని చేయకూడదన్న ఆజ్ఞ నాన్నలకూ ఉందమ్మా. అమ్మానాన్నలకూ బాధ్యతలున్నాయని లూథర్ పెద్ద పుస్తకంలోనే రాశాడు. ఇంట్లో దెబ్బలు పడుతున్నాయని పెద్దవాళ్లకు చెప్పడం నాన్నను అవమానించడం కాదు" అన్నారు. ఆ సాయంత్రమే హెడ్‌మిస్ట్రెస్ గారికీ, సంఘం అయ్యగారికీ చెప్పి ఆ ఇంటికి వెళ్లారని నాకు తెలిసినవాళ్లు చెప్పారు. ఆజ్ఞతో ఆజ్ఞకు వెలుగు చూపించడం ఎంత పెద్ద విద్యో ఆ ఒక్క పాఠం చెబుతుంది.

లూథర్ తన ముద్రగా వాడిన గులాబీ గురించి చెప్పకుండా వదలలేను. ఎర్రటి గుండెలో నల్లని సిలువ, చుట్టూ తెల్ల గులాబీ, నీలి నేల, బంగారు వలయం. 1530లో ఒక కోటలో ఉంటూ రాసిన ఒక ఉత్తరంలో లూథరే ఒక్కో రంగు అర్థం విప్పాడు. సిలువ నలుపు, బాధిస్తుంది. అయినా గుండె రంగు మారదు, బతికే ఉంటుంది. స్కెచ్ పెన్నులిచ్చి ఈ బొమ్మ వేయిస్తే ఆరో తరగతి పిల్లలకు సిలువ దైవశాస్త్రం వచ్చేస్తుంది, ఆ పేరు తెలియకపోయినా సరే.

మంచి టీచరు లూథర్‌ను పటం కట్టి దండ వేసి వదిలేయడు. 1525 రైతుల తిరుగుబాటు సమయంలో ఆయన రాసిన క్రూరమైన మాటలు, 1543లో యూదుల మీద రాసిన విషం పదో తరగతికి చెప్పాల్సిందే. లోకంలోని లూథరన్ సంఘాలు ఆ రాతలను తప్పని బహిరంగంగా తోసిపుచ్చాయనీ చెప్పాలి. మనిషి ఏకకాలంలో నీతిమంతుడూ పాపీ అన్న ఆయన బోధకు ఆయనే సాక్ష్యమని పిల్లలకు అర్థమవుతుంది.

ఇక్కడ మా ఇంటి గొడవ ఒకటి. మా బాప్టిస్టు చుట్టాల పిల్లలకు ఏడో ఆజ్ఞ అంటే వ్యభిచారం, మాకు దొంగతనం. విగ్రహాల మాటను మేం మొదటి ఆజ్ఞలో కలిపేస్తాం, ఆశపడొద్దన్నదాన్ని తొమ్మిది, పది అని రెండు చేస్తాం. అగస్టీను నాటి నుంచి వస్తున్న లెక్క మాది అని పెళ్లిళ్లలో కాలరెగరేస్తుంటాను. వాళ్లూ నవ్వుతారు, పసిపిల్లలకు బాప్తిస్మమేమిటని ఎదురు తిరుగుతారు. ఆ వాదన భోజనాల దాకా సాగుతుంది, అక్కడ ఆగిపోతుంది.

అసలు కోపం వాళ్లమీద కాదు. క్యాటకిజం పీరియడ్‌ను లెక్కల మాస్టారికి అప్పగించే యాజమాన్యాల మీద. రాజ్యాంగం 28వ అధికరణ ప్రకారం ఇతర మతాల పిల్లలను తల్లిదండ్రుల సమ్మతి లేకుండా ఈ బోధలో కూర్చోబెట్టకూడదు. మంచిదే, ఆ గీత దాటకూడదు. ఆ పిల్లలకు పక్కగదిలో నీతిబోధ పెట్టే పాత పద్ధతి ఉండనే ఉంది. దాన్ని సాకుగా చూపించి సొంత సంఘం పిల్లల పీరియడ్ కూడా ఎత్తేయడం ఏం న్యాయం? ఇంగ్లిష్ మీడియం బోర్డు, ఐఐటీ ఫౌండేషన్ బ్యానరు గేటుకు వేలాడదీసి, లోపల లూథర్ పేరు మాత్రం ఉంచుకోవడం ఏం మర్యాద?

పీరియడ్ మిగిలినచోట దాన్ని మింగేసింది క్విజ్. మెతూషెల ఎన్నేళ్లు బతికాడు? 969. నోవహు ఓడ పొడవెంత? మూడు వందల మూరలు. మొదటి బహుమతి స్టీలు టిఫిన్ డబ్బా. ఈ పిల్లవాడికి కృప అంటే ఏమిటని అడగండి, బిక్కమొహం వేస్తాడు. సెలవుల్లో వీబీఎస్ (సెలవుల బైబిల్ బడి) వాళ్లొచ్చి చేతులు ఊపే పాటలు నేర్పి పోతారు. పురుషోత్తమ చౌదరి లాంటి కవులు ఇచ్చిన కీర్తనలు పాడే గొంతులు పలచబడుతున్నాయి. చౌదరి గారు బాప్టిస్టే అని చుట్టాలు గుర్తు చేయనక్కర్లేదు, కీర్తన విషయంలో నాకు పట్టింపు లేదు.

అన్నిటికంటే నన్ను రగిలించేది పరీక్ష పెన్నుల అభిషేకం. హాల్‌టికెట్లు, పెన్నులు వేదిక మీద పెట్టి నూనె రాసి, నమ్మితే ఫస్ట్ ర్యాంకు ఖాయమనే ప్రసంగాలు మన పిల్లల చెవుల్లోనూ పడుతున్నాయి. ర్యాంకు రాని పిల్లకు ఏం చెబుతారు మీరు? విశ్వాసం చాల్లేదనా? పద్నాలుగేళ్ల పిల్ల తల మీద ఆ బండ పెట్టేవాళ్లకు 1518లో హైడెల్‌బర్గ్‌లో లూథర్ పెట్టిన వాదన గుర్తుచేయాలి. దేవుణ్ణి మహిమలో కాదు, సిలువలో, శ్రమలో చూడమన్నాడాయన. మన బడుల్లో ఇది చెప్పగలిగిన మాస్టార్లుంటే ఆ నూనె సీసాలకు ఇంత గిరాకీ ఉండేది కాదు.

మాస్టార్లు ఊరికే పుట్టుకురారు. ఇరవై నాలుగేళ్లకే లూథరన్ దైవశాస్త్రానికి తొలి పాఠ్యగ్రంథం రాసిన లూథర్ సహచరుడు మెలాంక్తన్ జీవితమంతా బడులు తీర్చిదిద్దుతూ, టీచర్లను తయారుచేస్తూ గడిపాడు. జర్మనీ గురువు అని ఊరికే పేరు రాలేదు. మన గుంటూరులోనే లూథరన్ ఉపాధ్యాయ శిక్షణాలయంలో కవి జాషువా గారు దాదాపు పదేళ్లు పనిచేశారు. అలాంటి చోటు నుంచి బయటికొచ్చిన టీచరుకు తెలుగు పలుకుబడీ వచ్చేది, పిల్లవాడితో మాట్లాడటమూ వచ్చేది. ఇప్పుడు క్యాటకిజం ఎవరికి పడుతుందంటే ఆ రోజు ఖాళీగా ఉన్నవాళ్లకు. పాఠం చెప్పేవాడు పిల్లవాడి కంటే ముందు తను రోజూ చదవాలి. డాక్టరు పట్టా ఉన్న నేనే ప్రతిరోజూ పిల్లవాడిలా దీన్ని అప్పజెప్పుకుంటున్నానని రాశాడు లూథర్. ఖాళీ పీరియడ్ టీచరు దగ్గర ఆ ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది?

జూన్‌లో టైమ్‌టేబుల్ వేసే హెడ్మాస్టర్లను, వాళ్లను వేసే కరస్పాండెంట్లను అడుగుతున్నాను. ఆ పీరియడ్‌ను మధ్యాహ్న భోజనం తర్వాత నిద్రమత్తు వేళకు నెట్టకండి, పొద్దున వేయండి. వేసవిలో వారం రోజులు టీచర్లను ఒకచోట చేర్చి, రిటైరైపోయిన మాస్టార్ల చేత పాఠాలు చెప్పించండి. వాళ్లలో కొందరు ఇంకా మన మధ్యే ఉన్నారు, ఆదివారం ఆరాధనలో మూడో వరసలో కూర్చుంటున్నారు. ఫోన్ చేస్తే వస్తారు, ఆటో డబ్బులు కూడా అడగరు. అయినా ఇవ్వండి. ఏడో ఆజ్ఞ వాళ్లు చెబుతుంటే టీచర్లను రాసుకోమనండి.