ముందు పచ్చడి, తర్వాతే మందు

నల్లేరు పేరెత్తితే చాలు, మోకాళ్ల నొప్పుల వాళ్లు చెవులు రిక్కిస్తున్నారు ఈమధ్య. పొడులు, మాత్రలు, క్యాప్సూళ్లు అన్నీ వచ్చేశాయి. నాకు మాత్రం నల్లేరంటే పచ్చడే.

కంచెల మీద, రాళ్ల గుట్టల్లో నీటిచుక్క అడక్కుండా అల్లుకుపోయే ఈ నాలుగు పలకల తీగ ద్రాక్ష కుటుంబానిది. కొస నుంచి రెండు మూడు కణుపుల మేరే కోయాలి. గోటితో గిల్లితే పుటుక్కున తెగాలి. నార సాగిందా, ముదిరినట్టే, వదిలేయండి. తీగ ముట్టుకునే ముందు అరచేతులకు నువ్వులనూనె పట్టించాలి. కందలో, చేమదుంపలో ఉన్నట్టే ఇందులోనూ కాల్షియం ఆక్సలేట్ సన్నటి సూదుల్లా ఉంటుంది. చేతికైనా గొంతుకైనా దురద పుట్టించేది అదే. కణుపులు తీసేసి, అంచుల వెంట పీచు లాగేసి, ముక్కల్ని నూనెలో సన్నసెగ మీద వేయించాలి. పచ్చదనం పోవాలి, ముక్క ముడుచుకోవాలి, పసరు వాసన పూర్తిగా పోవాలి. ఇక్కడ తొందరపడ్డవాళ్లే తర్వాత గొంతు పట్టుకుని కూర్చుంటారు. ఎండుమిర్చి, మినప్పప్పు, కాసిని మెంతులు విడిగా వేయించి, చింతపండు మాత్రం మామూలు పచ్చడికన్నా ఓ పిసరు ఎక్కువే వేసి రోట్లో నూరండి. మిక్సీ అన్నా నేనేమీ అనను, మరీ మెత్తగా తిప్పకపోతే చాలు.

ఇక వైద్యం సంగతి. విరిగిన ఎముకలకు ఆయుర్వేదం దీన్ని ఏనాటి నుంచో వాడుతోంది. 1960ల్లో బెనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ కె.ఎన్. ఉడుప బృందం ఎలుకల మీద ప్రయోగించి, ఎముక త్వరగా అతుకుతోందని చూపింది. మనుషుల మీద జరిగినవి మాత్రం చిన్నపాటి అధ్యయనాలే. నల్లేరులో కాల్షియం ఉన్నమాట నిజమే, కానీ ఆక్సలేట్‌తో ముడిపడ్డ కాల్షియం ఒంటికి పట్టేది తక్కువ. పాలకూరదీ ఇదే కథ. రెండు ముద్దల పచ్చడికే ఎముకలు ఉక్కులా అయిపోతాయంటే నేను నమ్మను. వేడన్నంలో కలుపుకుని తినడానికి ఆ భరోసా అక్కర్లేదు కూడా.

కిడ్నీలో రాళ్లున్నవాళ్లు దీని జోలికి పోకపోవడం మేలు. ఎముక విరిగితే ముందు ఎక్స్‌రే తీయించి కట్టు కట్టించుకోండి. క్యాప్సూళ్లు వేసుకుంటున్నవాళ్లు ఆ సంగతి డాక్టరు దగ్గర దాచకండి.