టేకు పలక మీద తెలుగు పేరు

స్నేహితుడి కొత్త ఇంటికి టేకు పలక మీద 'సిద్ధార్థ' అని చెక్కి ఇస్తానన్నాను. కంప్యూటర్ తెర మీద అక్షరాలు కుదురుగా ఉన్నాయి. యంత్రం 40 నిమిషాలు తిరిగి ఆగాక పొట్టు ఊదేసి చూస్తే పలక మీద 'సిద్ధార్ధ' అని ఉంది. ర కింద థ వత్తులో చుక్క పడలేదు. ఒక మిల్లీమీటరు వెడల్పున్న ఆ చుక్క కోసం, తిరుగుతూ కోసే బిట్టు దిగాల్సిన లోతు అర మిల్లీమీటరు. సరిగ్గా అక్కడే పలక అర మిల్లీమీటరు పల్లంగా ఉంది. బిట్టు గాలిలోనే దిగి గాలిలోనే లేచింది. పేరు మారిపోయింది.

ఆ పలక ఇప్పటికీ నా పనిబల్ల ఎదురుగా గోడకు వేలాడుతోంది. ఇంట్లో పెట్టుకునే, కంప్యూటర్ ఆజ్ఞలతో కోసే చిన్న సీఎన్‌సీ రౌటర్‌తో నామఫలకాలు ఎలా చేస్తారని ఎవరు అడిగినా ముందు దాన్నే చూపిస్తాను. ఈ పనిలో యంత్రం వంతు తక్కువ, అక్షరాన్నీ చెక్కనూ ఎరిగిన మనిషి వంతు ఎక్కువ. అది చెప్పడానికి అంతకంటే గట్టి సాక్ష్యం నా దగ్గర లేదు.

యంత్రం సంగతి కొద్దిగా. హెలికాప్టర్ రెక్కల వంపులను కచ్చితంగా కోయడానికి అమెరికాలో జాన్ పార్సన్స్ చేసిన ఆలోచనలోంచి పుట్టి, 1952లో ఎంఐటీలో ప్రదర్శనకు వచ్చిన విద్య ఇది. అప్పట్లో చిల్లులు పొడిచిన టేపు ఆజ్ఞలిచ్చేది. ఇప్పుడు అరచేతిలో పట్టే ఆర్డ్యునో బోర్డు ఆ పని చేస్తుంది. నార్వేకు చెందిన సిమెన్ స్కోగ్‌స్రూడ్ 2009లో మొదలుపెట్టిన జీఆర్‌బీఎల్ అనే ఉచిత ప్రోగ్రాం అందులో నడుస్తుంది. అభిరుచి కోసం కొనేవాళ్లలో చాలామంది '3018' అనే రకంతో మొదలుపెడతారు. దాని బల్ల 30 సెంటీమీటర్ల పొడవు, 18 సెంటీమీటర్ల వెడల్పు. ఒక ఇంటి పేరుకు ఆ చోటు చాలు.

అసలు విద్య అంతా వి ఆకారపు కోతలో ఉంది. ఉలితో అక్షరం చెక్కే వడ్రంగి గీతకు రెండు వైపుల నుంచీ ఏటవాలుగా కోసి, నడుమ ఒక లోయలా కలుపుతాడు. ఆ లోయలో ఒక గోడ మీద వెలుతురు, రెండో గోడ మీద నీడ పడతాయి. రంగు వేయకపోయినా వీధిలోంచి పేరు చదవగలిగేది ఆ నీడ వల్లే. యంత్రంలో ఆ పనికి మొన ఉన్న బిట్టు వాడతాం. గీత వెడల్పయిన చోట బిట్టు లోతుకు దిగుతుంది, సన్నబడిన చోట పైకి లేస్తుంది, కొసకు వచ్చేసరికి పూర్తిగా తేలిపోతుంది. 90 డిగ్రీల బిట్టుతో 10 మిల్లీమీటర్ల వెడల్పు గీతకు 5 మిల్లీమీటర్ల లోతు కావాలి. 60 డిగ్రీల బిట్టయితే అదే గీతకు దాదాపు 8.7 మిల్లీమీటర్లు దిగాలి. నీడ చిక్కగా పడుతుంది కానీ పలక మందంగా ఉండాలి, పని రెండు మూడు విడతలుగా సాగాలి.

లోతే వెడల్పును నిర్ణయిస్తుంది కాబట్టి పలక చదును ఇక్కడ ప్రాణం. 90 డిగ్రీల బిట్టు కింద పలక అర మిల్లీమీటరు ఎత్తుగా ఉంటే గీత ఒక మిల్లీమీటరు లావవుతుంది. పల్లంగా ఉంటే అంతే సన్నబడుతుంది, నా 'సిద్ధార్థ'లో లాగా చుక్కే మాయమవుతుంది. అందుకే ముందు యంత్రం బల్ల మీద పరిచిన అడుగు చెక్కను దాని బిట్టుతోనే చదును చేయాలి, తర్వాత పలకకు చిత్రిక పట్టాలి, ఆ తర్వాతే అక్షరం జోలికి వెళ్లాలి. తొందరపడకుండా దీనికి వెచ్చించిన సమయమే పలకను నిలబెడుతుంది.

తెలుగు అక్షరానికి గీకుడు, చెక్కుడు కొత్త కాదు. కడప జిల్లా కలమళ్లలోని రేనాటి చోళుల శాసనం సుమారు క్రీ.శ. 575 నాటిది. తాటాకు మీద గంటంతో గీసి, ఆ గాడిలో మసి రుద్ది, పైన తుడిచేస్తే అక్షరం నల్లగా నిలిచేది. ఇవాళ మేం చెక్కిన గాడిలో రంగు నింపి, ఆరాక పైపైన ఉప్పుకాగితం పట్టి మిగిలినదంతా తీసేస్తాం. పద్ధతి అదే.

మన గుండ్రటి అక్షరాలు బిట్టుకు హాయిగా ఉంటాయి. మూల దగ్గర ఆగి తిరగాల్సిన అవస్థ తక్కువ, వంపు మీద అది జారుతూ పోతుంది. చిక్కంతా లోపలి ఖాళీల దగ్గరే. సున్న మధ్యలో, ఠ మధ్యలో మిగిలే చిన్న చెక్క దీవిని చూడండి. చెక్క నార ఒకే దిశలో పోతుంది, దీవి గుండ్రంగా ఉంటుంది. నార అడ్డంగా తెగే రెండు వైపులా అది పెళుసుబారి, బిట్టు తగలగానే ఎగిరిపోతుంది. ఇక ధ కింది గీత పోతే ద అవుతుంది, ఫ కింది గీత పోతే ప అవుతుంది. 'మాధవ నిలయం' అని రాయించుకున్న మనిషి ఇంటి ముందు 'మాదవ' అని వేలాడితే అది చిన్న తప్పు కాదు. నేను పాటించే లెక్క ఒకటుంది. వత్తుల్లో అతి సన్నని గీత కూడా ఒక మిల్లీమీటరుకు తగ్గకూడదు. తగ్గితే అక్షరాలు పెంచుతాను, లేదా పేరును రెండు వరుసలు చేస్తాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లను బాగా ఏడిపించేది మరొకటి. కోత దారులు గీసే సాఫ్ట్‌వేర్లు కొన్నింటికి తెలుగు వత్తులు కూర్చడం రాదు. 'లక్ష్మి' అని టైపు చేస్తే క, ష పొల్లులతో, మి వాటి పక్కన విడివిడిగా నిలబడతాయి. 'జ్యోత్స్న' పరిస్థితి ఇక చెప్పనక్కర్లేదు. దీనికి మందు ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్. అందులో పేరు టైపు చేసి, అక్షరాలను గీతలుగా మార్చే ఆజ్ఞ ఇచ్చి, ఎస్‌వీజీ ఫైలుగా దాచుకుంటే ఆపై ఏ సాఫ్ట్‌వేరూ వాటిని విడదీయలేదు. అక్షర రూపాలకూ కొదవ లేదు. సిలికానాంధ్ర పుణ్యమా అని మండలి, ఎన్టీఆర్, రామభద్ర, సూరన్న, ధూర్జటి వంటి తెలుగు ఫాంట్లు ఎవరైనా ఉచితంగా వాడుకునేలా ఉన్నాయి. కాగితం మీద అందంగా ఉన్నదల్లా చెక్కలో అందంగా ఉండదు. ముందు పనికిరాని ముక్క మీద రెండక్షరాలు కోసి, పది అడుగుల దూరం నుంచి చూడండి.

చెక్క విషయంలో నా ఓటు పాత టేకుకే. ఊళ్లలో పెంకుటిళ్లు పడగొట్టినప్పుడు దూలాలు, వాసాలు, తలుపు రెక్కలు అమ్ముతారు. దశాబ్దాల తరబడి ఎండిన చేవ అది, వంకర పోదు, చెద పట్టదు. అయితే మేకులు దాక్కుని ఉంటాయి. అయస్కాంతం పెట్టి అంగుళం అంగుళం వెతక్కపోతే బిట్టు విరిగి కంటిలోకి ఎగరవచ్చు. టేకులో సహజంగానే ఇసుక వంటి సిలికా ఉంటుంది కాబట్టి బిట్టు త్వరగా మొద్దుబారుతుంది. మొద్దు బిట్టు కోయదు, రాపాడి చెక్కను నల్లగా కాలుస్తుంది. మరీ నెమ్మదిగా నడిపినా అంతే. నిమిషానికి పది వేల చుట్లు తిరిగే రెండు పళ్ల బిట్టు నిమిషానికి ఒక మీటరు నడిస్తే ఒక్కో పన్ను 0.05 మిల్లీమీటర్ల చెక్క తీస్తుంది. పిండిలాంటి దుమ్ము కాకుండా చిన్న పొట్టు రాలుతుంటే వేగం కుదిరినట్టే. కళ్లద్దాలు, ముక్కుకు మాస్కు లేకుండా ఈ యంత్రం దగ్గరికి పోవద్దు. అది తిరుగుతుండగా గది వదిలి వెళ్లవద్దు. మధ్యలో కరెంటు పోతే బిట్టు ఎక్కడున్నదీ యంత్రం మరిచిపోతుంది. మొదలుపెట్టిన మూలను పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటే మళ్లీ అక్కడి నుంచి లెక్క సరిచూసుకోవచ్చు.

రంగు నింపే ముందు గాడి లోపల లక్క పాలిష్ ఒక పూత వేయాలి. లేకపోతే రంగు నార వెంట పాకి అక్షరం అంచులు చెదురుతాయి.

ఒక మాట ఖండితంగా చెప్పాలి. శ్రీకాళహస్తి దగ్గర మాధవమాలలో, కొండపల్లిలో ఉలి పట్టిన చేతులు చేసే పని వేరు, ఇది వేరు. ముడి ఎదురైతే వాళ్ల చేయి వాటం మార్చుకుంటుంది, యంత్రం మార్చుకోదు. ఎవరో తయారుచేసి అమ్మే ఫైలుతో దేవుడి బొమ్మ కోసి, చేతిపని అని అమ్మడం మోసం. సీఎన్‌సీ పలకను సీఎన్‌సీ పలకగానే అమ్మాలి. దానికుండే విలువ దానికుంది. కాలనీలలో గేటు మీది పేర్లు ఇంగ్లీషులోకి జారిపోతున్న రోజుల్లో, ఒక్క పలక కోసమైనా తెలుగు పేరును ఒత్తు పోకుండా, చుక్క పోకుండా చెక్కి ఇవ్వగలగడం నాకు తృప్తినిచ్చే పని.

మీ ఇంట్లో అమ్మదో తాతయ్యదో దస్తూరీ ఉంటే, పాత ఉత్తరమైనా పద్దుల పుస్తకమైనా సరే, పారేయకండి. ఇంటి పేరు వాళ్లు రాసింది ఒక్కచోట దొరికినా స్కాన్ చేసి, ఇంక్‌స్కేప్‌లో గీతలుగా మార్చి, టేకులో చెక్కవచ్చు. వాళ్లు ఇంకా మన మధ్యే ఉంటే ఈ రోజే ఒక తెల్లకాగితం, లావు మొన పెన్ను ఇచ్చి రాయించుకోండి.